మా హాల్లో ఇటుకలు బయటపడ్డాయి

గోడకి ప్లాస్టరింగు చేయించుకున్న ప్రతి మనిషీ ఏదో దాస్తున్నాడని నా గట్టి అనుమానం!

కోపం తెచ్చుకోకండి. ఒక్కసారి మీ హాల్లోకి వెళ్లి గోడకేసి చూడండి. ఏం కనిపిస్తోంది? రంగు. రంగు కింద? పుట్టీ. పుట్టీ కింద? సిమెంటు పూత. ఇన్ని ముసుగులు ఎవరికండీ కావాలి? తప్పు చేసినవాడికి కావాలి! నిజాయితీపరుడి గోడ ఎలా ఉండాలి? ఇటుక ఇటుకలా కనబడాలి. అతుకు అతుకులా కనబడాలి. మా గోడ అలాగే కనబడుతోంది. కాబట్టి మేం నిజాయితీపరులం. మీ సంగతి మీరే చూసుకోండి.

ఈ మధ్యే మా హాల్లో ఒక గోడకున్న పూత మొత్తం కొట్టించేసి ఇటుకలు బయటపెట్టించాం. దీన్ని ఫ్యాషన్ అనే అజ్ఞానులు కొందరున్నారు. పిచ్చి అనే చుట్టాలు ఇంకొందరున్నారు. వాళ్లందరికీ కలిపి ఇవాళ ఒకటే సమాధానం చెప్పదలచుకున్నాను. ఇటుక గోడ మానవజాతికి దొరికిన వరం! పేపర్లో ఈ మూల నాకు కేటాయించింది ఇలాంటి పెద్ద సత్యాలు చెప్పడానికేనని నేను అనుకుంటున్నాను. ఎడిటరుగారు ఏమనుకుంటున్నారో అడిగే ధైర్యం ఇంతవరకూ చేయలేదు.

ముందు ఆ గోడ పాత బతుకు గురించి కొంచెం చెప్పాలి.

మాది మూడో అంతస్తులో ఫ్లాటు. అమ్మ, నేను, మా ఆవిడ, కాలేజీలో చదివే మా అమ్మాయి. హాల్లో సోఫా ఉంది. కానీ సోఫా మీద కూర్చునే అలవాటు మా వంశంలోనే లేదు. ఉతికిన బట్టలు మడతపెట్టేదాకా కుప్పపోయడానికి అది పనికొస్తుంది. ఎవరైనా వస్తే ఆ కుప్పని పక్కగదిలోకి విసిరేసి వాళ్లని కూర్చోబెట్టడానికి పనికొస్తుంది. మేం మాత్రం సాయంత్రం కాగానే చాప పరిచి, గోడకి చేరబడి, కాళ్లు బార్లా చాపుకుని కూర్చునేవాళ్లం. నలుగురం ఒకే వరసలో! ఎదురెదురుగా కూర్చుంటే వాదనలొస్తాయి. పక్కపక్కన కూర్చుంటే కబుర్లొస్తాయి. ఒకళ్ల మొహం ఒకళ్లకి కనబడదు కదా, మొహమాటం లేకుండా ఏదైనా చెప్పుకోవచ్చు. మా అమ్మాయి ఒక సబ్జెక్టు తప్పిందన్న సంగతి నాకు ఆ గోడ దగ్గరే తెలిసింది. దాని మొహం కనబడలేదు కాబట్టి దానికి తిట్లు కూడా సగమే పడ్డాయి.

అమ్మకి నడుం నొప్పి. కుర్చీలో కూర్చుంటే పట్టేస్తుంది, మంచం మీద వాలితే లాగేస్తుంది. నున్నగా, చల్లగా ఉన్న ఆ గోడకి వీపు ఆనించిందంటే మాత్రం, "హమ్మయ్య! ప్రాణం లేచొచ్చిందిరా" అనేది. ప్రాణంతోపాటు నోరూ లేచొచ్చేది. మా నాన్న సైకిలు నేర్చుకుంటూ మురిక్కాలవలో పడ్డ సంగతి, నేను చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి బీరువాలో దాక్కున్న సంగతి, ఎన్నిసార్లు చెప్పినా ప్రతిసారీ కొత్తగా ఒక అబద్ధం చేర్చి చెప్పేది. మాకు అసలు కథకన్నా ఆ అబద్ధం మీదే ఆశ.

ఏళ్ల తరబడి ఇలా కూర్చుంటే ఏమవుతుంది? తలలు ఆనించినచోట నూనె మరకలు పడతాయి. అమ్మది కిందుగా, గుండ్రంగా. మా ఆవిడది దాని పక్కనే, కొంచెం పైన. నాది అందరికన్నా పైన. నెత్తిమీద జుట్టు తగ్గినకొద్దీ నా మరక పెద్దదైందని మా ఆవిడ ఆరోపణ. మా అమ్మాయిది మాత్రం మరక కాదు, చార. ఏటేటా పొడుగవుతూ వచ్చింది కదా, కింది నుంచి పైకి పాకింది.

మా ఆవిడకి ఆ మరకలంటే తల కొట్టేసినంత పని. ఇంటికి ఎవరైనా వస్తే పరుగెత్తుకెళ్లి వాటికి అడ్డంగా నిలబడేది. నాలుగు మరకలకి మనిషి ఒక్కతే ఎలా సరిపోతుంది? నన్నూ ఒక మరక ముందు నిలబెట్టేది. మొగుడూ పెళ్లాలం అటెన్షన్లో నిలబడి ఉంటే వచ్చినవాళ్లు కంగారుపడి త్వరగా వెళ్లిపోయేవాళ్లు. రంగు వేయించి చూశాం. కొత్త రంగు మీద మరకలు ఇంకా ముద్దుగా కనిపించాయి.

సరిగ్గా అప్పుడే దిగాడు డిజైనరు!

మా మరదలి ఇంటికి పనిచేసిన కుర్రాడే. చక్కగా దువ్విన గడ్డం, నడుముకి కొలిచే టేపు, చేతిలో చాక్‌పీసు. మా గోడ ముందు నిలబడి చాలాసేపు తల అటూ ఇటూ ఊపాడు.

"మేడమ్, ఈ గోడ ఏమీ మాట్లాడట్లేదు," అన్నాడు.

గోడలు మాట్లాడాలని అప్పటిదాకా మాకెవరూ చెప్పలేదు. మేం మాట్లాడుతుంటే అది వినేది, అంతే.

"ఇటుక బయటికొస్తే గోడ మాట్లాడుతుంది మేడమ్. నేచురల్ లుక్! వార్మ్‌త్! గుమ్మంలో అడుగుపెట్టినవాళ్లు ఇక ఆ గోడ మీంచి కళ్లు తిప్పుకోలేరు. పైగా ఏ మరకా పట్టదు."

ఆ ఆఖరి మాటకి మా ఆవిడ పడిపోయింది. ఆ రోజు నుంచి నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. నేనూ వద్దనలేదు. ఎందుకంటే ఆవిడకి నచ్చిందంటే నాకూ నచ్చినట్టే. ఈ సూత్రం మీదే మా కాపురం ఇన్నాళ్లూ నిలబడింది.

పూత కొట్టడానికొచ్చిన మేస్త్రీ గోడని అరచేత్తో తడిమి, వేళ్లతో టకటకలాడించి, నా వైపు తిరిగాడు.

"ఎక్కడ కారుతోందండీ?"

"ఎక్కడా కారట్లేదు."

"పగుళ్లా?"

"లేవు."

"మరెందుకండీ కొట్టడం?"

"ఇటుకలు కనబడాలయ్యా."

"కనబడితే?"

డిజైనరు వైపు చూశాను. అతను "వార్మ్‌త్" అన్నాడు. మేస్త్రీ మా ఆవిడ వైపు చూశాడు. మా ఆవిడ ఫ్యాను వైపు చూసింది. "సర్లెండి, మీ గోడ, మీ ఇష్టం" అని సుత్తి అందుకున్నాడు. పని అయ్యాక వెళ్తూ వెళ్తూ, మళ్లీ పూత పూయించుకునేటప్పుడు మాత్రం తననే పిలవమని మరీ మరీ చెప్పి వెళ్లాడు.

లోపలి ఇటుకలు బయటికొచ్చాయి. అబ్బో, వాటి అందం ఏమని చెప్పను! ఒకటి వంకర. ఒకటి విరిగింది. మధ్యమధ్యలో సగం ముక్కలు. సందుల్లోంచి పొడుచుకొచ్చిన సిమెంటు ముద్దలు. వాటన్నిటి మధ్యలోంచి ఏటవాలుగా వెళ్తున్న కరెంటు పైపు. ఆ గోడ కట్టినవాడు దాన్ని ఎప్పటికైనా ఒకరు చూస్తారని కలలో కూడా అనుకుని ఉండడు. డిజైనరు మొహం చిట్లించాడు.

"సర్, ఇది నేచురల్‌గా లేదు," అన్నాడు.

ఇటుకలు ఇటుకల్లా లేవట! పాపం, వాటికేం తెలుసు ఎలా ఉండాలో? అంచేత వాటి మీద మళ్లీ సిమెంటు పూశారు. ఆ సిమెంటు మీద ఇటుకల్లా కనిపించే పల్చటి మట్టి బిళ్లలు అతికించారు. ఆ బిళ్లలు మరీ కొత్తగా మెరుస్తున్నాయని వాటి అంచుల్ని సుత్తితో కొట్టి చెడగొట్టారు. అంటే ఏమైంది? అసలు ఇటుకల్ని లోపల దాచి, ఇటుకలు కానివాటిని పైన పెట్టి, ఇవే అసలైనవని వచ్చిన ప్రతివాళ్లకీ చూపిస్తున్నాం. నిజాయితీకి ఇంతకన్నా గొప్ప ఉదాహరణ మీకెక్కడ దొరుకుతుంది?

పని పూర్తయిన సాయంత్రం అలవాటు ప్రకారం చాప పరిచాం. నలుగురం వరసగా కూర్చుని ఒక్కసారే వెనక్కి వాలాం. నలుగురం ఒక్కసారే ముందుకి లేచాం!

"ఒరేయ్, ఈ గోడ కరుస్తోందిరా!" అంది అమ్మ.

"అది టెక్స్‌చర్ అమ్మా," అన్నాను.

"ఏదైతేనేం, వీపు చీరుకుపోయింది. ఒక దిండు ఇటు పడెయ్."

దిండు పెట్టాం. బిళ్లల అంచులకి తగులుకుని దిండు గలీబు పర్రున చిరిగింది. మెత్తటి బొంత వేలాడదీద్దామంటే, గోడ మొత్తం కప్పేస్తే ఇక ఇటుకలెందుకని మా ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ మాటా నిజమే. వేరే గోడకి చేరబడొచ్చు కదా అంటారా? హాల్లో ఖాళీ గోడ ఇంకెక్కడుందండీ? ఒకదానికి టీవీ, ఒకదానికి కిటికీ, ఒకదానికి అలమర. మిగిలిందదే, బంగారంలాంటి గోడ. అమ్మ కాసేపు అలాగే నడుం నిటారుగా పెట్టుకుని కూర్చుంది. కథేమీ చెప్పలేదు. తర్వాత మెల్లిగా లేచి తన గదిలోకి వెళ్లిపోయింది.

అది చిన్న ఇబ్బంది. అలాంటివి పట్టించుకుంటే నాగరికత ముందుకు సాగదు. గోడ వల్ల కలిగిన లాభాలు చూడండి!

మొదటిది, వీపు దురద. ఇదివరకు వీపు దురద పెడితే ఇంట్లో ఎవరినో ఒకరిని బతిమాలాలి. "అక్కడ కాదు, కొంచెం పైన, అబ్బ, మరీ పైన కాదు" అని దారి చెప్పుకోవాలి. ఇప్పుడు ఆ పరాధీనత లేదు. వెళ్లి గోడకి రాసుకోవడమే! చొక్కా వెనకభాగం జల్లెడైపోయిన మాట వాస్తవం. ముందునుంచి చూసేవాళ్లకి అది కనబడదు కదా.

బల్లుల విషయం తీసుకోండి. తెల్లగోడ మీద బల్లి పాకితే మా అమ్మాయి పెట్టే కేకకి కింది అంతస్తువాళ్లు తలుపులు తీసేవాళ్లు. ఇప్పుడు ఏది బల్లో ఏది బిళ్లో ఎవరికీ తెలీదు. ఇంట్లో బల్లులు లేవని మా అమ్మాయి నమ్మకం. నిజానికి అవి పిల్లాపాపలతో స్థిరపడ్డాయి. తెలియకపోవడంలో ఎంత మనశ్శాంతి ఉందో చూశారా?

ఆ గోడకి మేకు దిగదు. దిగితే బిళ్ల పగులుతుంది. అందుకని క్యాలెండరు పోయింది. ఇవాళ తేదీ ఎంతో మా ఇంట్లో ఎవరికీ తెలీదు. తేదీ తెలిస్తే కదండీ, వ్యాసం ఆలస్యమైందన్న బెంగ! మా పెళ్లిఫొటో కూడా మంచం కిందకి చేరింది. అప్పట్లో నేనెంత సన్నగా ఉండేవాడినో గుర్తుచేసేవాళ్లు లేక ఇప్పుడు రెండు ముద్దలు ఎక్కువే తింటున్నాను.

ఇక లైట్లు! గోడ అందం తెలియాలంటే పైనుంచి వెలుగు దానిమీదే పడాలట. ఉన్న లైట్లన్నీ గోడకేసి తిప్పించాడు డిజైనరు. ఇప్పుడు వెలుగంతా గోడకి, చీకటంతా మాకు. పేపరు చదవాలంటే గోడకి ముక్కు ఆనించి నిలబడాలి. అన్నంలో రాయి వస్తే పళ్లకి తగిలాకే తెలుస్తుంది. చీకట్లో భార్యాభర్తల మధ్య అపార్థాలు కూడా తగ్గాయి. ఎవరు ఎవరిమీద మొహం మాడ్చుకున్నారో తెలిస్తే కదా!

మా బావగారు వారం రోజులు ఉందామని పెట్టె సర్దుకుని వచ్చారు. గోడ చూసి, నన్ను మెల్లిగా వంటగదిలోకి లాక్కెళ్లి, "ఏరా, ఏమైంది? పని మధ్యలో ఆగిపోయిందా? ఏదైనా ఇబ్బంది ఉంటే మాకు చెప్పొద్దూ?" అని గుసగుసలాడారు. పని పూర్తయిందని చెప్పాను. ఆయన నమ్మలేదు. భుజం తట్టి, "అన్నీ సర్దుకుంటాయిలే, ధైర్యంగా ఉండు" అని ఆ సాయంత్రమే బండెక్కేశారు. అతిథుల్ని నొప్పించకుండా సాగనంపే గోడ ఇంకెక్కడైనా ఉందా?

వీటన్నిటికీ తలమానికం ఒకటుంది. ఓ రోజు ఆఫీసువాళ్లతో వీడియోలో మాట్లాడుతున్నాను. వెనకాల గోడ. ఎడిటరుగారు కళ్లద్దాలు సర్దుకుని చూసి, "పని వేళల్లో కాఫీ షాపులో కూర్చున్నారేంటండీ?" అని గద్దించారు. నాకు చెమటలు పట్టాయి. పక్కనుంచి విన్న మా ఆవిడకి మాత్రం పట్టరాని సంతోషం! "చూశారా? కాఫీ షాపు అనుకున్నారు!" అని ఆ సాయంత్రం అపార్టుమెంటు మొత్తానికీ చెప్పింది. ఇంటిని ఇల్లు అనుకోకపోవడమే ఈ రోజుల్లో గొప్ప మెప్పు.

ఆదివారాలు నాకు వ్యాయామం కూడా కుదిరింది. బిళ్లల అంచుల మీద దుమ్ము కూర్చుంటుంది. అది గుడ్డతో పోదు. పాత టూత్‌బ్రష్ పట్టుకుని, స్టూలెక్కి, ఒక్కో సందూ తోముకుంటూ రావాలి. అవతలి చివరికి చేరేసరికి ఇవతలి చివర మళ్లీ దుమ్ము తయారు. నా పళ్లు కూడా నేనెప్పుడూ అంత శ్రద్ధగా తోముకోలేదు.

ఇంటికొచ్చినవాళ్లందరి దగ్గరా నేను ఆ గోడని ఆకాశానికెత్తేవాడిని. మా ఆవిడ పక్కనే నిలబడి నా మొహంలోకి చూస్తూ ఉంటుంది కదా, వేరే దారేముంది? "ఇల్లంటే ఇదీ! ఇన్నాళ్లూ మేం ఎలా బతికామో!" అనేవాడిని. మా ఎదురు ఫ్లాటులో ట్యూషన్లు చెప్పే టీచరమ్మ ఉంది. నా మాటలు ఆవిడ విన్నంత శ్రద్ధగా ఆవిడ మాటలు ట్యూషను పిల్లలు వింటే అందరూ ఫస్టు క్లాసులో పాసయ్యేవాళ్లు.

అన్నిటికన్నా పెద్ద వరం మరిచాను. నిశ్శబ్దం! సాయంత్రాలు మా ఇల్లు ఎంత ప్రశాంతంగా మారిపోయిందో! అమ్మ తన గదిలో. మా అమ్మాయి ఫోను పట్టుకుని తన గదిలో. మా ఆవిడ వంటగదిలో. నేను హాల్లో, గోడకి ఎదురుగా, సోఫా మీద బట్టల కుప్ప పక్కన. గోడ తెగ మాట్లాడుతూ ఉండి ఉంటుంది. నాకేమీ వినబడలేదు.

కొన్నాళ్లకి ఒక వింత జరిగింది. సాయంత్రం అయ్యేసరికి అమ్మ ఇంట్లోంచి మాయం! చూస్తే ఎదురు ఫ్లాటు గుమ్మం ముందు ఆవిడ చెప్పులు. "నానమ్మని పిలుచుకొస్తా" అని మా అమ్మాయి వెళ్లింది. రాలేదు. "ఇద్దర్నీ లాక్కొస్తానుండండి" అని మా ఆవిడ వెళ్లింది. ఆవిడా రాలేదు. ముగ్గుర్నీ నాలుగు చీవాట్లు పెట్టి తీసుకొద్దామని నేను వెళ్లాను.

టీచరమ్మ హాల్లో లేత ఆకుపచ్చ గోడ. ఎక్కడికక్కడ రంగు వెలిసిపోయింది. ట్యూషను పిల్లలు చేరబడిన చోటల్లా నూనె మరకలు. మధ్యలో ఎవరో పెన్సిల్‌తో వేసిన ఎక్కాలు, అవీ తప్పులే. ఆ గోడకి అమ్మ చేరబడి, కాళ్లు చాపుకుని, మా నాన్న సైకిలు ప్రయాణంలో ఉంది. ఈసారి కాలవలో ఆయనతోపాటు పోస్టుమ్యాన్ కూడా పడ్డాడు! నేను తిట్టడానికి నోరు తెరిచి, ఎందుకో మూసేసి, మా ఆవిడ పక్కన చతికిలబడి వెనక్కి వాలాను. అబ్బబ్బ! వీపు మొత్తానికి గోడ తగిలి ఎన్నాళ్లయింది! ఆ తర్వాత రోజూ మా మకాం అక్కడే. మా ఫ్లాటుకి తాళం వేసి మరీ వెళ్లేవాళ్లం.

మొన్న శనివారం సాయంత్రం టీచరమ్మ అందరికీ టీలు ఇస్తూ, "మీకో మంచి మాట చెప్పాలి పిన్నిగారూ," అంది అమ్మతో. "రేపు పొద్దున్నే మీ డిజైనరు మా ఇంటికొస్తున్నాడు. ఈ గోడ కూడా కొట్టించేసి ఇటుకలు పెట్టించేస్తున్నాం!"

నాకు టీ పొలమారింది. అమ్మ చెయ్యి తనకి తెలియకుండానే వెనక్కి వెళ్లి గోడని తడిమింది.

"ఎందుకమ్మా? బాగానే ఉందిగా?"

"మీ అబ్బాయి అంతగా చెప్పాక ఇక ఆలోచించేదేముంది? పేపర్లో రాసే మనిషి, ఊరికే పొగుడుతారా? ఏమంటారు అన్నయ్యగారూ?"

నలుగురు ఆడవాళ్లూ నా వైపు తిరిగారు. నా నోట్లో పచ్చి వెలక్కాయ పడింది. నిజం చెప్తే మా ఆవిడ పరువు పోతుంది. చెప్పకపోతే అమ్మకి మిగిలిన ఒక్క గోడా పోతుంది! ఇలాంటి సమయంలో నాలాంటి ధీరుడు ఏం చేస్తాడు?

"చాలా మంచి పని చేస్తున్నారమ్మా," అన్నాను. ఏం చేయను, నోరు అలవాటు పడిపోయింది!

ఇంటికొచ్చాక అమ్మ రెండు ముద్దలు తిని లేచింది. చెయ్యి కడుక్కుని వెళ్తూ, "ఇక నేనెక్కడ కూర్చోవాలిరా?" అని అడిగింది. కోపంగా అడిగితే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేవాడిని. మామూలుగా అడిగింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. మా ఆవిడ గోడ దగ్గర గిన్నె పట్టుకుని నిలబడింది. విన్నదో లేదో తెలీదు. గిన్నె మాత్రం చాలాసేపు అలాగే పట్టుకుని ఉంది.

తెల్లారగానే ధైర్యం చిక్కబట్టుకుని, టీచరమ్మకి నిజం చెప్పేద్దామని ఎదురు ఫ్లాటుకి వెళ్లాను. నాకన్నా ముందే అమ్మ అక్కడుంది. గోడకి చేరబడి కూర్చుంది. అమ్మ పక్కన మా ఆవిడ! ఆవిడ పక్కన పుస్తకం తిరగేసి పట్టుకున్న మా అమ్మాయి. టీచరమ్మ చీపురు చేత్తో పట్టుకుని, ఏం జరుగుతోందో తెలియక మధ్యలో నిలబడి ఉంది.

అంతలో డిజైనరు రానే వచ్చాడు. టేపు లాగి, చాక్‌పీసు తీసి, వరసగా కూర్చున్న మావాళ్లని చూసి ఆగిపోయాడు.

"కొంచెం లేస్తారా అండీ? గోడ కొలవాలి."

"నడుం పట్టేసింది నాయనా, లేవలేను," అంది అమ్మ.

"అత్తయ్యగారికి బాలేదు. ఆవిడని వదిలి నేనెలా లేవను?" అంది మా ఆవిడ.

"నాకు పరీక్షలు," అంది మా అమ్మాయి.

డిజైనరు నా వైపు తిరిగి, "సర్, మీరైనా చెప్పండి. ఈ గోడల గురించి మీకన్నా బాగా చెప్పేవాళ్లెవరున్నారు?" అన్నాడు.

"ఇటుక గోడ గొప్పదేనయ్యా, నేను కాదనను. కానీ మనిషన్నాక వీపనేది ఒకటి ఉంటుంది కదా!" అని, నేనూ వెళ్లి మా ఆవిడకీ అమ్మాయికీ మధ్య ఇరుక్కుని కూర్చున్నాను.

టీచరమ్మకి ఇంకా అయోమయంగానే ఉంది. "ఏంటి వదినా ఇదంతా?" అంది.

మా ఆవిడ తలొంచుకుంది. తర్వాత ఒక్క బిగిన చెప్పేసింది. "మీకు దణ్ణం పెడతాను వదినా, మీ గోడ జోలికి మాత్రం వెళ్లకండి. మరకలు పోవాలని మొండిపట్టు పట్టి ఆ ఇటుకలు పెట్టించింది నేనే. మరకలు పోయాయి. దాంతోపాటు మనుషులూ పోయారు. ఫొటోకి బాగుంది, అంతే. నలుగురం ఒక్కచోట కూర్చోవాలంటే మీ ఇంటికి రావాల్సొస్తోంది. ఇక మీదీ కొట్టించేస్తే అత్తయ్యగార్ని నేనెక్కడ కూర్చోబెట్టుకోను?"

అమ్మ కోడలి చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది.

టీచరమ్మ చీపురు మూలకి గిరాటేసింది. "ఆ మాటేదో ముందే చెప్పొచ్చుగా వదినా! నాకు మాత్రం మనసొప్పిందా? మా పిల్లలు ఎక్కడ చేరబడి చదువుకుంటారా అని దిగులు పడుతూనే ఉన్నాను. అన్నయ్యగారి మాట తీసెయ్యలేక సరేనన్నాను" అని, వచ్చి అమ్మకి అటుపక్కన కూర్చుంది.

హాల్లో నిలబడింది ఇక డిజైనరు ఒక్కడే. టేపు తనంతట తనే సర్రున లోపలికి చుట్టుకుపోయింది.

అమ్మ వరస చివర మిగిలిన కాస్త చోటు చూపించింది. "నువ్వూ కూర్చో నాయనా. పొద్దున్నే ఇంతదూరం పడి వచ్చావు."

అతను మొహమాటపడ్డాడు. గుమ్మం వైపు చూశాడు. మళ్లీ గోడ వైపు చూశాడు. చివరికి బూట్లు విప్పి, మా అమ్మాయి పక్కన కూర్చుని, ముందు ఒక భుజం, తర్వాత రెండోది, నెమ్మదిగా వెనక్కి ఆనించాడు. కాళ్లు చాపాడు.

"మా ఇంట్లో నాలుగు గోడలూ ఇటుకేనండి," అన్నాడు.